రిపోర్టులో ఈ-కోలై, బుట్టలో ఆకలితో అరిచే నాలుగు కాకటీల్ పిల్లలు

ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఉదయం చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి ఒక ఆవిడ తిరుపతిలోని మా పశువైద్య క్లినిక్‌కి వచ్చారు. ఇంట్లో బట్టలు కుడతారు, మిద్దె మీద రెండు జతల కాకటీల్ అనే చిన్న చిలుక జాతి పక్షుల్ని పెంచుతారు. తెల్లవారుజామున బస్సెక్కి 70 కిలోమీటర్లు వచ్చారు. ఒళ్లో ప్లాస్టిక్ బుట్ట, అందులో పాత టవల్, టవల్ మధ్య వేడినీళ్ల సీసా, దాన్ని ఆనుకుని నాలుగు పిల్లలు. నేను బుట్ట మూత తీయకముందే ఒక ల్యాబ్ రిపోర్టు నా ముందు పెట్టారు.

“సార్, పిల్లల్లో ఈ-కోలై ఉందంట. రెండు రోజులుగా మందు వేస్తానే ఉండాను. బతుకుతాయా?”

మూత తీశాను. నాలుగూ మెడలు చాచి, తలలు పైకీ కిందికీ ఆడిస్తూ మేత కోసం ఒకటే అరుపు. వేలు దగ్గర పెడితే ముక్కుతో పట్టుకుని పంపు కొట్టినట్టు లాగుతున్నాయి. ఈ-కోలై బ్యాక్టీరియాతో ప్రేగుల్లో ఇన్ఫెక్షన్ ముదిరిన పిల్ల ఇలా అడగదు. మెడ వాల్చేస్తుంది, కళ్లు మూసుకుంటుంది, వేలు తగిలినా పట్టించుకోదు. కాగితం మీద ఉన్నదీ బుట్టలో ఉన్నదీ ఒకదానితో ఒకటి పొసగలేదు.

అసలు ఆ పరీక్ష ఎందుకు చేయించారు

డిసెంబర్‌లో ఆవిడ మొదటిసారి పిల్లల్ని గూటి నుంచి తీసి చేత్తో మేపారు. ఐదూ పోయాయి. వారం రోజులు మిషన్ ముందు కూర్చోలేకపోయానని చెప్పారు. ఈసారి ఏ తప్పూ జరగకూడదని, పక్షులు పెంచే తెలిసినవాళ్లు చెప్పిన మాట విని ఒక పిల్ల మలద్వారం నుంచి దూదిపుల్లతో నమూనా (స్వాబ్) తీయించి, మనుషుల పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో ఇచ్చారు. “ఈ-కోలై పెరిగింది, ఈ ఈ మందులకు లొంగుతుంది” అని జాబితాతో రిపోర్టు వచ్చింది. ఆ జాబితా పట్టుకుని కోళ్ల మందుల షాపుకి వెళ్తే ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 10 శాతం ద్రావణం సీసా ఇచ్చారు. ఒక్కో పిల్లకు పూటకు ఒక్కో చుక్క, నేరుగా నోట్లో.

ఆ చుక్కను లెక్క కడదాం. 10 శాతం అంటే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. మామూలు డ్రాపర్ చుక్క సుమారు 0.05 మి.లీ., అంటే 5 మిల్లీగ్రాముల మందు. 62 గ్రాముల పిల్లకు అది పడితే కిలో బరువుకు 80 మిల్లీగ్రాములు దాటుతుంది. పక్షులకు మేం ఒక పూట వాడే మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పైగా ఆ ద్రావణం క్షారం. ఫారాల్లో వందల లీటర్ల నీళ్లలో కలపడానికి చేసింది. నీళ్లు కలపకుండా వేస్తే లేత నోరు, గొంతు మండుతాయి. ఎముకలు, కీళ్లు ఇంకా పెరుగుతున్న వయసులో ఈ జాతి మందులంటే మేం ఎలాగూ జంకుతాం. ఆవిడ చేసినదంతా ప్రేమతో చేసిందే. అందుకే ఈ లెక్కను ఆవిడ ముందే కాగితం మీద వేసి చూపించాను.

చూసినది

పిల్లల వయసు 21, 19, 17, 15 రోజులు. కాకటీల్ రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది కాబట్టి ఒకే గూటి పిల్లల్లో ఈ తేడా మామూలే. బరువులు 78, 71, 62, 41 గ్రాములు. పెద్దవి మూడూ బాగున్నాయి. చర్మం గులాబీ రంగులో ఉంది, గిల్లితే ముడత నిలవడం లేదు. రెట్టలో మూడు భాగాలూ విడివిడిగా కనిపిస్తున్నాయి: ఆకుపచ్చ మలం, తెల్లని యూరేట్లు (మూత్రంలోని గట్టి భాగం), చుట్టూ కాస్త నీరు.

చిన్నది మాత్రం వేరు. 15 రోజుల పిల్లకు 41 గ్రాములు తక్కువ. గొంతు కింద మేత నిలిచే సంచిని మేం క్రాప్ అంటాం. ఉదయం 4 గంటలకు పెట్టిన మేత 10 గంటలకు కూడా అందులో మెత్తని పిండిముద్దలా చేతికి తగులుతోంది. ఆ వయసులో 4 గంటల్లో దాదాపు ఖాళీ కావాలి. నోరు తెరిచి టార్చ్ వేస్తే నాలుక వెనక పాలమీగడ తుంపుల్లా రెండు మూడు తెల్లని మచ్చలు. దగ్గరకు తీసుకుంటే పులిసిన దోసెపిండి వాసన. అరుస్తోంది, కానీ మిగతా వాటి కన్నా త్వరగా అలిసిపోతోంది.

స్లైడ్ మీద

నాలుగింటి రెట్ట, చిన్నదాని క్రాప్ ద్రవం స్లైడ్ల మీద పూసి గ్రామ్ స్టెయిన్ చేశాను, అంటే బ్యాక్టీరియాను రంగులతో విడదీసి చూసే పరీక్ష. క్రిస్టల్ వయొలెట్, అయొడిన్, కొన్ని సెకన్లు ఆల్కహాల్, చివర సాఫ్రనిన్. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ చెప్పిన పద్ధతే, పది నిమిషాల పని. ఊదారంగు నిలుపుకునేవి గ్రామ్ పాజిటివ్, వదిలేసి గులాబీ రంగు పట్టేవి గ్రామ్ నెగెటివ్. ఈ-కోలై గులాబీ కడ్డీ.

పెద్ద పిల్లల స్లైడ్లు దాదాపు బోసిగా ఉన్నాయి. కొన్ని చోట్ల జతలుగా, చిన్న గొలుసులుగా ఊదా చుక్కలు, అరుదుగా ఒక గులాబీ కడ్డీ. రెండు రోజుల మందు వాడకం అక్కడ కనిపించింది. చిన్నదాని క్రాప్ స్లైడ్ ఫోకస్ చేయగానే కారణం దొరికింది. బ్యాక్టీరియా కన్నా ఎంతో పెద్దగా, చిక్కని ఊదారంగులో కోడిగుడ్డు ఆకారపు ఈస్ట్ కణాలు. చాలావాటికి పక్కన మొలక, చింతగింజకు ఆవగింజ అతికించినట్టు. అక్కడక్కడ అవి సాగి దారాలయ్యాయి. మేతలోంచి వచ్చిన ఈస్ట్ మొలకలు లేకుండా ఊరికే దాటిపోతుంది. మొలకలేస్తూ దారాలు కడుతోందంటే అక్కడే కాపురం పెట్టి పెరుగుతోందని అర్థం. క్యాండిడా.

ఆవిడను పిలిచి మైక్రోస్కోప్‌లో చూడమన్నాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశారు.

“ఇదేనా సార్ ఈ-కోలై?”

“కాదమ్మా. ఇది బూజు జాతి. మీరు వేసిన మందు దీన్ని ఏమీ చేయదు. దీనికి అడ్డంగా ఉండే మంచి బ్యాక్టీరియాను చంపుతుంది.”

మామూలు పిల్లలో ఏముంటుంది

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు కీలకం అంతా ఇదే. గుడ్డు పగిలి బయటికి వచ్చిన పిల్ల ప్రేగు దాదాపు ఖాళీ. మొదటి ముద్దతోనే తల్లిదండ్రుల క్రాప్‌లోని బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. తర్వాత గూటి పొట్టు, గింజలు, నీళ్లు, మేపే మనిషి చేతుల నుంచి కూడా. చోటంతా ముందు వచ్చినవి ఆక్రమించుకుంటే వెనక వచ్చే చెడ్డవాటికి నిలవడానికి చోటుండదు. 1973లో ఫిన్లాండ్‌లో నుర్మి, రంటాల అనే ఇద్దరు దీన్ని కోడిపిల్లల్లో చూపించారు. పెద్దకోడి ప్రేగులోని పదార్థం తాగించిన ఒకరోజు పిల్లల్లో సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా నిలదొక్కుకోలేకపోయింది.

పంజరాల్లో పుట్టిన ఆరోగ్యమైన చిలుక జాతి పిల్లల్లో సాధారణంగా పైచేయి గ్రామ్ పాజిటివ్‌లది: లాక్టోబాసిల్లస్, స్ట్రెప్టోకాకస్, ఎంటరోకాకస్, చర్మం మీద కూడా ఉండే హానిచేయని స్టెఫైలోకాకస్, కొరినిబాక్టీరియం, బాసిల్లస్. ఈ-కోలై లాంటి గ్రామ్ నెగెటివ్‌లు ఉంటే తక్కువగా ఉంటాయి. కానీ ఉంటాయి. ఏ లోటూ లేకుండా పెరిగే పిల్లల్లోనూ దొరుకుతాయి. తియోడర్ ఎషెరిష్ 1885లో ఈ బ్యాక్టీరియాను వర్ణించింది కూడా పసిబిడ్డల ప్రేగుల్లో మామూలుగా ఏముంటుందో వెతుకుతూనే. న్యూజిలాండ్‌లో కాకాపో అనే ఎగరలేని చిలుక ఉంది, దాని ప్రేగుల్లోనైతే ఈ-కోలై కుటుంబమైన ఎషెరీషియాదే రాజ్యం. “చిలుకల్లో గ్రామ్ నెగెటివ్ ఉండకూడదు” అనే మాట అన్ని జాతులకూ ఒకేలా చెల్లదు.

మా జిల్లాల్లో పశువైద్యుడికి పక్షి అంటే మొదట కోడి. కోడికి ప్రేగు చివర సీకమ్‌లు అనే రెండు పెద్ద సంచులు ఉంటాయి. గాలి తగిలితే పెరగని బ్యాక్టీరియా అక్కడ కిక్కిరిసి ఉంటుంది. చిలుక జాతికి ఆ సంచులు లేవు. కోడి లెక్క చిలుకకు పనికిరాదు, మనిషి లెక్క అసలే పనికిరాదు.

ల్యాబ్ వైపు నుంచి ఇంకో సంగతి. బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లలో మాకాంకీ అగర్ అనే మాధ్యమం గ్రామ్ పాజిటివ్‌లను అణిచేస్తుంది, దాని మీద ఈ-కోలై గులాబీ రంగు చుక్కలుగా విచ్చుకుంటుంది. లాక్టోబాసిల్లస్‌కు వేరే మాధ్యమం, తక్కువ ఆక్సిజన్ కావాలి, మామూలు ప్లేట్లలో సరిగ్గా పెరగదు. స్వాబ్‌ను ముందు పోషక ద్రవంలో రాత్రంతా ఉంచితే నాలుగు కణాలు కోట్లవుతాయి. ఊళ్లో వందమంది ఉంటే ఒక్క ఇంటి తలుపు తట్టి, ఆ ఇంటివాళ్లే ఊరంతా అని రాసుకున్నట్టు ఉంటుంది. ఆవిడ రిపోర్టులో ఎంత పెరిగింది, ఏ ప్లేటు మీద పెరిగింది, ఇంకేం పెరిగింది అనేవి లేవు. పేరు ఒక్కటే ఉంది.

నేనూ ఈ పొరపాటు చేసినవాడినే. ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో ఆరోగ్యంగా ఉన్న రెండు లవ్‌బర్డ్ పిల్లలకు ఇలాంటి రిపోర్టు చూసే పది రోజుల కోర్సు రాశాను. ఎనిమిదో రోజున ఒకటి క్రాప్ నిండా పులిసిన మేతతో చచ్చిపోయి వచ్చింది. కోసి చూస్తే క్రాప్ లోపలి పొర తడి టర్కీ టవల్‌లా మందంగా, తెల్లగా ఉంది. ఆ పిల్లను చంపింది నేను రాసిన మందు చీటీ. ఆ రోజు నుంచి స్లైడ్ చూడకుండా, పిల్లను తూచకుండా నేను యాంటీబయాటిక్ రాయను.

ఆదివారం, గ్రీమ్స్‌పేట మిద్దె మీద

ఎన్రోఫ్లాక్సాసిన్ ఆ పూటే ఆపించాను. చిన్నదానికి నిస్టాటిన్ అనే బూజు మందు మొదలుపెట్టాను. కిలోకు 3 లక్షల యూనిట్ల చొప్పున దాని బరువుకు 0.12 మి.లీ., రోజుకు 2 సార్లు, మేతకు ముందు. ఈ మందు ప్రేగు నుంచి రక్తంలోకి చేరదు, తగిలిన చోటే పనిచేస్తుంది. కాబట్టి సిరంజీతో గొంతు లోపలికి దాటించేయకుండా నాలుక మీద, మచ్చల మీద పడేలా వేయాలి. క్రాప్‌లోని పాత మేతను గోరువెచ్చని సెలైన్‌తో పలుచన చేసి మెల్లగా తీసేశాను.

ఆవిడకు రెండో గూడు ఉంది. అందులో 3 పిల్లలు, ఇంకా తల్లిదండ్రుల దగ్గరే. ఒక్క చుక్క మందు తగలని పిల్లలు, అదే మిద్దె, అవే గింజలు, అవే నీళ్లు. పోల్చుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆదివారం ఐస్ బాక్స్ తీసుకుని చిత్తూరు బస్సెక్కాను.

గూటి పెట్టె తలుపు ఎత్తగానే మూడూ ఒకదాన్నొకటి హత్తుకుని పాముల్లా బుసకొట్టాయి. వయసు 12, 10, 8 రోజులు. బరువు 39, 30, 21 గ్రాములు. పల్చని చర్మం వెనక క్రాప్ నిండా కొర్రగింజలు లెక్కపెట్టగలిగేటంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. పెద్దవి రెండింటికి సన్నని స్వాబ్ సెలైన్‌లో తడిపి తీసుకున్నాను. ఎనిమిది రోజులదానికి స్వాబ్ పెట్టే సాహసం చేయలేదు, తాజా రెట్ట చాలనుకున్నాను.

తర్వాత వంటగది. నేను ఏమీ అడగలేదు, మధ్యాహ్నం మేత ఎలా పెడతారో అలాగే పెట్టమన్నాను. ఉదయం కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన మేతను వేడి చేశారు. మోచేతి మీద వేసి చూసి “సరిపోయింది సార్” అన్నారు. థర్మామీటర్ 36 డిగ్రీలు చూపించింది. 39 నుంచి 41 మధ్య ఉండాలి. తగ్గితే క్రాప్ మందగిస్తుంది, 43 దాటితే కాలుతుంది. రెండు పిల్లలకు ఒకటే సిరంజీ. అది రోజంతా స్టీలు గ్లాసు నీళ్లలో మునిగి ఉంటుంది. గ్లాసు అడుగున వేలు పెడితే జారింది. చిన్నదానికి బలం రావాలని రోజుకు రెండుసార్లు రాగి జావలో బెల్లం కలిపి ఎక్కువగా పెడుతున్నారట. మన ఇళ్లలో నీరసంగా ఉన్న బిడ్డకు ఎవరైనా చేసేదే. కానీ క్యాండిడాకు తీపి అంటే పండగ.

పిల్లల్ని వెచ్చగా ఉంచే బ్రూడర్ అంటే అట్టపెట్టెలో 40 వాట్ల బల్బు. రాత్రికి థర్మామీటర్ అందులో ఉంచి తెల్లవారి 5 గంటలకు చూసి చెప్పమన్నాను. 26 డిగ్రీలని ఫోన్ చేశారు. ఈకలు సరిగ్గా రాని 15 రోజుల పిల్లకు 30కి తగ్గకూడదు. చలికి వణికే పిల్లకు మేత అరగదు, అరగని మేత పులుస్తుంది. డిసెంబర్ పిల్లలు ఎప్పుడు పోయాయని అడిగితే, అన్నీ తెల్లవారేసరికే పోయి ఉండేవన్నారు. వాటిని కోసి చూసినవాళ్లు లేరు కాబట్టి కారణం ఇదేనని నేను రాయను. ఆవిడ మాత్రం బల్బు వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

కల్చర్ ఫలితాలు

సోమవారం స్వాబ్‌లను తిరుపతిలో నాకు అలవాటైన ల్యాబ్‌లో ఇచ్చాను. రెండు కోరాను: చాలా రకాల బ్యాక్టీరియా పెరిగే బ్లడ్ అగర్, మాకాంకీ రెండింటి మీదా నేరుగా పూయాలి, ముందు పోషక ద్రవంలో ఉంచకూడదు. పెరిగిన ప్రతిదీ, ఎంత పెరిగిందో రాయాలి.

12 రోజుల పిల్లలో కోయాగ్యులేజ్ నెగెటివ్ (మామూలుగా హాని చేయని రకం) స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ మధ్యస్థంగా, బాసిల్లస్ కొద్దిగా. మాకాంకీ ప్లేటు ఖాళీ. 10 రోజుల పిల్లలోనూ అవే, అదనంగా మాకాంకీ మీద 4 గులాబీ చుక్కలు. అవి ఈ-కోలై అని తేలింది. నేను చేసిన స్లైడ్లలో మూడు పిల్లలకూ ఊదా కడ్డీలు బారులు తీరి ఉన్నాయి, లాక్టోబాసిల్లస్ పోలికలో. కల్చర్‌లో వాటి జాడే లేదు. ఒక్క ప్లేటు మాట వినకూడదని నేనెందుకు పట్టుబడతానో ఇక్కడ తెలుస్తుంది.

ఆ 10 రోజుల పిల్లకు ఏ మందూ ఇవ్వలేదు. ఆవిడ టెన్షన్ పడ్డారు, నిజమే. రోజూ ఉదయం మేతకు ముందు తూచి నోటుబుక్కులో రాయండి, ఒక్కరోజు బరువు తగ్గినా అర్ధరాత్రైనా ఫోన్ చేయండి అన్నాను. ఏవి కనిపిస్తే నేను మందు మొదలుపెట్టేవాడినో కూడా చెప్పాను: బరువు పడిపోవడం, మేత అడగకపోవడం, చర్మం ఎర్రగా ఎండినట్టవడం, వాసనతో నీళ్ల రెట్ట, స్లైడ్ నిండా గులాబీ కడ్డీలు. సాల్మొనెల్లా, సూడోమోనాస్, క్లెబ్సియెల్లా పేర్లు వస్తే నా తీరు వేరుగా ఉండేది. అప్పుడు నీళ్ల ట్యాంకు నుంచి మొలకగింజల దాకా అన్నీ వెతికేవాడిని. సాల్మొనెల్లా అయితే ఇంట్లోని చిన్నబిడ్డల సంగతి కూడా ఆలోచించేవాడిని.

తర్వాత

ఒక్కో పిల్లకు విడి సిరంజీ, ప్రతి మేత తర్వాత కడిగి మరిగించి ఆరబెట్టడం. మేత ఏ పూటకాపూట కలపడం, మిగిలింది పారేయడం. కాచి చల్లార్చిన నీళ్లు. థర్మామీటర్ లేకుండా మేత లేదు. మేత పరిమాణం పిల్ల బరువులో పదో వంతు, అంతకు మించి వద్దు. బెల్లం జావ బంద్. బ్రూడర్‌కు రెండో బల్బు, థర్మోస్టాట్.

చిన్నదాని క్రాప్ మూడో రోజుకు ఐదు గంటల్లో, ఆరో రోజుకు నాలుగు గంటల్లో ఖాళీ అయింది. ఏడో రోజున స్లైడ్ మీద ఈస్ట్ వెతికితే గానీ కనిపించలేదు, దారాలు లేవు. బరువు 41 నుంచి 58కి వచ్చింది. నిస్టాటిన్ పదో రోజున ఆపాను. పెద్దవాటికి ఏ మందూ ఇవ్వలేదు. రెండో వారానికి వాటి స్లైడ్లలో ఊదా కడ్డీలు, గొలుసులు మళ్లీ నిండాయి. కొద్దిగా గులాబీ కడ్డీలు కూడా. పెద్దవి ఏడో వారంలో సొంతంగా గింజలు తినడం నేర్చుకున్నాయి, చిన్నది తొమ్మిదో వారం దాకా చేతి మేత మీదే ఉంది.

4 ఈ-కోలై చుక్కల పిల్లకు 40 రోజుల వయసులో మళ్లీ స్వాబ్ తీశాను. మాకాంకీ మీద ఈసారి 7 చుక్కలు. బరువు 88 గ్రాములు. రిపోర్టు చెప్పడానికి ఫోన్ చేస్తే అవతల కుట్టుమిషన్ చప్పుడు మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతోంది. ఆ పిల్ల దారపు రీలు మీదికి ఎగిరి, సూదిలోకి వెళ్లే దారాన్ని ముక్కుతో లాగేస్తోందట. “ఏడు చుక్కలా సార్? సరే, రాసుకుంటాను” అని ఆవిడ నోటుబుక్కు తీశారు.